గర్భం పోవడానికి కారణాలు, బీపీ ఇచ్చే ప్రమాద సూచనలు

గర్భం పోయినప్పుడు అందరూ అడిగేది ఏం తిన్నావు, ఎక్కడ తిరిగావు అని. అడగాల్సింది ఎన్నో వారంలో పోయిందని. కారణం చాలావరకు అక్కడే దొరుకుతుంది.

మొదటి 12 వారాల్లో పోయేవే ఎక్కువ. వాటిలో దాదాపు సగానికి పిండంలో క్రోమోజోముల తేడాలే కారణం. మెట్లెక్కినందుకో, ఉద్యోగానికి వెళ్లినందుకో, భార్యాభర్తలు కలిసినందుకో అవి రావు. ఒక్కసారి పోతే సాధారణంగా పెద్ద పరీక్షలు అక్కర్లేదు. మళ్లీ మళ్లీ పోతుంటే మాత్రం థైరాయిడ్, షుగర్, గర్భసంచిలో అడ్డుపొర, దంపతుల క్రోమోజోములు చూడాలి. యాంటీఫాస్ఫోలిపిడ్ పరీక్ష (రక్తం గడ్డకట్టేలా చేసే యాంటీబాడీలను చూసే రక్తపరీక్ష) కూడా చేయించాలి. అది ఒకసారి పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, కనీసం 12 వారాలు ఆగి మళ్లీ చేస్తేనే ఖాయమవుతుంది. నాలుగైదు నెలల్లో పెద్దగా నొప్పులు లేకుండానే గర్భం జారిపోతే గర్భాశయ ముఖద్వారం బలహీనంగా ఉందేమో చూస్తారు. తర్వాతి గర్భంలో అవసరమైతే దానికి కుట్టు వేస్తారు.

తొలి వారాల్లో ఒకవైపు పొత్తికడుపు నొప్పి, భుజం కొనలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే గర్భం ట్యూబులో ఉందేమో. ఒక్క గంట కూడా ఆగకూడదు.

20 వారాలు దాటాక బీపీ మీద కన్నేయాలి. మాయకు వెళ్లే రక్తనాళాలు సరిగా వెడల్పు కాకపోతే బిడ్డకు రక్తం చాలదు, తల్లికి బీపీ పెరుగుతుంది. ఇదే ప్రీఎక్లాంప్సియా. బిడ్డ ఎదుగుదల ఆగిపోవచ్చు, మాయ ముందే ఊడిపోవచ్చు, బిడ్డ కడుపులోనే పోవచ్చు. బీపీ 140/90 ఉన్నా ఒంట్లో ఏమీ తెలియకపోవచ్చు. అందుకే కొలవడం తప్పనిసరి.

కొలిచే పద్ధతిలోనే చాలా తప్పులు జరుగుతాయి. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా 5 నిమిషాలు కూర్చోవాలి. కాలు మీద కాలు వేయకూడదు, మాట్లాడకూడదు. చేయి గుండె ఎత్తులో ఉండాలి, పట్టీ చొక్కా మీద కాకుండా ఒంటికి చుట్టాలి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రాసుకోండి. పైది 140 గానీ కిందిది 90 గానీ తాకినా, దాటినా అదేరోజు డాక్టరుకు చూపించి, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయించాలి. 160 గానీ 110 గానీ తాకితే వెంటనే ఆసుపత్రికే.

అంకె ఎంతున్నా ఈ లక్షణాలు కనిపిస్తే ఆగొద్దు: పారాసెటమాల్‌కు తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, కళ్ల ముందు మెరుపులు, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, ఆయాసం, ఒక్కసారిగా ముఖం, చేతులు ఉబ్బడం. పక్కటెముకల కింది నొప్పిని గ్యాస్ అనుకుని మాత్ర మింగి పడుకోవడం ఎక్కువగా జరిగే పొరపాటు. అది కాలేయం మీద ఒత్తిడి కావచ్చు. పాదాల వాపు ఒక్కటే ఉంటే అంత కంగారు అక్కర్లేదు, బీపీ చూసుకుంటే చాలు. పొట్ట రాయిలా బిగిసి నొప్పిగా ఉన్నా, రక్తం పోతున్నా, బిడ్డ కదలికలు తగ్గినా అది అత్యవసరమే.

ఫిట్స్ వస్తే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టకండి. అంబులెన్స్‌ను పిలవండి.

ముందు నుంచే బీపీ మాత్రలు వాడేవారు గర్భం నిలవకముందే డాక్టరుతో మాట్లాడాలి. ఎనలాప్రిల్, రామిప్రిల్, లోసార్టాన్, టెల్మిసార్టాన్ గర్భంలో పనికిరావు. లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా లాంటివాటికి మారుస్తారు. సొంతంగా ఆపేయడం ఇంకా ప్రమాదం. పోయిన కాన్పులో ప్రీఎక్లాంప్సియా వచ్చినవారికి 12వ వారం నుంచి తక్కువ మోతాదు ఆస్పిరిన్ రాస్తారు. 16 వారాల లోపు మొదలుపెడితేనే ఎక్కువ ఫలితం, కాబట్టి తొలి చెకప్‌లోనే అడగండి.

కాన్పు అయిపోయింది కదా అని బీపీ చూడటం మానకండి. 6 వారాల వరకు ఈ ముప్పు ఉంటుంది. బాలింతకు తలనొప్పి వస్తే నిద్రలేమి అని సరిపెట్టుకోకుండా బీపీ చూడాలి. ఆసుపత్రికి వెళ్తే కాన్పయి ఎన్నాళ్లయిందో ముందుగా చెప్పాలి, లేకపోతే మామూలు తలనొప్పి కింద చూసి పంపేసే అవకాశం ఉంది.