బ్రౌజర్‌ను స్టాండర్డ్‌కి తగ్గట్టు మార్చాలంటే: సైట్లు చెడకుండా చేసే వరస

బ్రౌజర్లు పేజీలను ఎలా చూపాలో రాసిన ఉమ్మడి నియమావళి, అంటే స్టాండర్డ్, ఒకటి చెబుతుంది, బ్రౌజర్ ఇంకొకటి చేస్తుంది. సరిచేయడానికి కోడ్‌లో నాలుగు లైన్లు చాలు. కానీ బ్రౌజర్ పాత తీరునే నమ్ముకుని ఎప్పుడో కట్టిన సైట్లు ఎన్నో ఉంటాయి, వాటిని కట్టినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు. అందుకే ఈ పనిలో కోడ్ రాయడం చిన్న భాగం. నెల్లూరు, కావలి, ఒంగోలు కాలేజీల్లో చదువుతూ క్రోమియం (క్రోమ్‌కి మూలమైన ఓపెన్ సోర్స్ బ్రౌజర్), ఫైర్‌ఫాక్స్ ఇంజిన్లలో పనిచేయాలనుకునేవాళ్ల కోసం ఆ వరస మొత్తం ఇక్కడ చెబుతున్నాం. ఉదాహరణగా నిజంగా జరుగుతున్న మార్పునే తీసుకుందాం: సెక్షన్ లోపలి హెచ్1 (పేజీలో పెద్ద శీర్షిక ట్యాగు) సైజు.

పాత నియమం ప్రకారం ఆర్టికల్, అసైడ్, నావ్, సెక్షన్ ట్యాగుల లోపల హెచ్1 పెడితే బ్రౌజరే దాన్ని చిన్నది చేసేది. బయట 2 ఈఎమ్ (చుట్టూ ఉన్న అక్షరం సైజుకి రెండు రెట్లు), ఒక సెక్షన్ లోపల 1.5, రెండింటి లోపల 1.17, మూడింటి లోపల 1. మామూలు 16 పిక్సెళ్ల అక్షరం లెక్కన ఇవి 32, 24, 18.72, 16 పిక్సెళ్లు. ఈ పద్ధతికి మూలమైన, సెక్షన్ల లోతును బట్టి శీర్షిక స్థాయి తేల్చే అవుట్‌లైన్ అల్గారిథమ్‌ను బ్రౌజర్లు ఎప్పుడూ పూర్తిగా అమలు చేయలేదు, 2022లో స్టాండర్డ్ నుంచి తీసేశారు. సైజు నియమాలు మాత్రం మిగిలిపోయాయి. వాటినీ తీసేసి హెచ్1 ఎక్కడున్నా 2 ఈఎమ్ ఉండేలా చేసే పని 2025 నుంచి బ్రౌజర్లలో నడుస్తోంది.

దీనివల్ల ఏం చెడుతుందో ఒక పేజీ మీద చూడండి. రొయ్యల రేట్లు పెట్టే చిన్న సైట్ ఉందనుకుందాం. సెక్షన్ లోపల హెచ్1లో "నెల్లూరు జిల్లా రొయ్యల ధరలు, 30 కౌంట్ నుంచి 100 కౌంట్ వరకు" అని ఉంది, ఫాంట్ సైజు ఎక్కడా రాయలేదు. అక్షరం 24 నుంచి 32కి, అంటే మూడో వంతు పెరుగుతుంది. 360 పిక్సెళ్ల వెడల్పున్న ఫోన్‌లో శీర్షిక ఇంకో లైన్‌కి పాకి, ధరల పట్టిక కిందికి జారుతుంది. ఇది పెద్ద నష్టం కాదు. కానీ లైన్ ఎత్తు 28 పిక్సెళ్లని గట్టిగా రాసి, పెట్టె బయటికి వచ్చింది కనబడకుండా చేసి ఉంటే ముందు కోసుకుపోయేవి ఒత్తులే. ఇంగ్లిష్ శీర్షికతో మాత్రమే పరీక్ష చేసినవాళ్లకి ఇది కంటబడదు. మార్జిన్ (శీర్షికకి పైనా కిందా ఉండే ఖాళీ) సంగతి ఇంత లేదు: 19.92 నుంచి 21.44కి, ఒకటిన్నర పిక్సెల్ తేడా.

ఇక పని మొదలుపెట్టే ముందు మిగతా ఇంజిన్లు ఏం చేస్తున్నాయో చూడాలి. బ్లింక్ (క్రోమ్), గెకో (ఫైర్‌ఫాక్స్), వెబ్‌కిట్ (సఫారీ) మూడూ ఒకేలా చేస్తూ స్టాండర్డ్ మాత్రమే వేరుగా ఉంటే, మార్చాల్సింది చాలాసార్లు స్టాండర్డ్‌నే. అక్కడ ఇష్యూ తెరవండి, ప్యాచ్ (మీ కోడ్ మార్పు) పక్కన పెట్టండి. 2018లో జావాస్క్రిప్ట్ అర్రేలకి ఫ్లాటెన్ అనే మెథడ్ చేర్చబోతే, అదే పేరుతో సొంత మెథడ్ పెట్టుకున్న పాత మూటూల్స్ లైబ్రరీ వాడే పేజీలు ఫైర్‌ఫాక్స్ పరీక్ష వెర్షన్ అయిన నైట్లీలో చెడ్డాయి. చివరికి స్టాండర్డే తగ్గి పేరును ఫ్లాట్ అని మార్చుకుంది. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. వెబ్‌లో ఇప్పటికే ఉన్న పేజీ పనిచేయడమే మొదటి నియమం.

తర్వాత టెస్టులు. వెబ్ ప్లాట్‌ఫామ్ టెస్ట్స్ అనే ఉమ్మడి భాండాగారంలో రాస్తే అన్ని బ్రౌజర్లూ అవే నడుపుతాయి. మా సలహా, కొత్తవాళ్లు ఇక్కడే మొదలుపెట్టండి. క్రోమియం బిల్డ్ చేయాలంటే కనీసం 8 జీబీ ర్యామ్, నిజానికి 16కి పైన, 100 జీబీ ఖాళీ డిస్క్ కావాలి. ల్యాబ్‌లో పాత సిస్టమ్ అయితే రాత్రంతా తిరిగినా ముగియకపోవచ్చు. ఈ టెస్టులకైతే పైథాన్, ఒక బ్రౌజర్ ఉంటే చాలు. హెచ్1 టెస్టులో కంప్యూటెడ్ స్టైల్ (బ్రౌజర్ చివరికి లెక్కగట్టిన సైజు) 32 పిక్సెళ్లు ఉందా అని నేరుగా అడగకండి. ఎవరైనా బ్రౌజర్ డిఫాల్ట్ అక్షరం సైజు మార్చుకుని ఉంటే, కోడ్ సరిగ్గా ఉన్నా టెస్ట్ ఫెయిలవుతుంది. సెక్షన్ బయట ఒక హెచ్1, లోపల ఒకటి పెట్టి రెండూ సమానమా అని పోల్చండి. నాలుగు ట్యాగులూ విడివిడిగా, ఒకదానిలో ఒకటిగా పరీక్షించాలి. సైట్ సొంతంగా సైజు రాసినప్పుడు అది చెక్కుచెదరలేదని, హెచ్2 మారలేదని కూడా చూడాలి. ఇప్పటిదాకా ఫెయిలవుతున్న టెస్టులకి ఏ ఫలితం వస్తుందో రాసి ఉంచే ఎక్స్‌పెక్టెడ్ ఫైళ్లను అదే ప్యాచ్‌లో సరిచేయండి.

కోడ్ మార్పు ఎప్పుడూ స్విచ్ వెనకే, అంటే కావాలంటే వేసి వద్దంటే ఆపగలిగే సెట్టింగ్ వెనకే ఉండాలి. క్రోమియంలో రన్‌టైమ్ ఎనేబుల్డ్ ఫీచర్స్ ఫైల్‌లో పేరు చేర్చి మొదట టెస్ట్ స్థాయిలో, తర్వాత ఎక్స్‌పెరిమెంటల్‌లో, అన్నీ అయ్యాకే స్టేబుల్‌లో (అందరూ వాడేదానిలో) పెడతారు. ఫైర్‌ఫాక్స్‌లో స్టాటిక్ ప్రెఫ్ లిస్ట్‌లో ప్రెఫ్ (సెట్టింగ్) చేరుస్తారు, దాన్ని ఎబౌట్ కాన్ఫిగ్ పేజీలో మార్చుకోవచ్చు. స్విచ్ ఆపినప్పుడు పాత ప్రవర్తన అచ్చంగా తిరిగి రావాలి. చాలామంది స్విచ్ వేసిన దారిని పరీక్షించి, ఆపిన దారిని వదిలేస్తారు. కంగారులో స్విచ్ ఆపిన రోజున అదే మరో బగ్ తెస్తుంది. రెండు దారులకీ టెస్టులు నడవాల్సిందే.

అన్నిటికంటే ఓపిక కావాల్సింది లెక్క దగ్గర. క్రోమియంలో యూజ్ కౌంటర్ అని ఉంది. ఫలానా కోడ్ ఎన్ని పేజీ సందర్శనల్లో నడిచిందో అది చెబుతుంది. ఏం లెక్కపెట్టాలన్నదే అసలు విషయం. సెక్షన్ లోపల ఉన్న ప్రతి హెచ్1నీ లెక్కపెడితే అంకె భయపెట్టేలా వస్తుంది, కానీ వాటిలో చాలా పేజీలు సైజును సొంతంగా రాసుకునే ఉంటాయి. బ్రౌజర్ ఇచ్చే సైజు నిజంగా అమలైనవాటినే, అంటే మార్పు తర్వాత వేరుగా కనిపించేవాటినే లెక్కపెట్టాలి. బ్లింక్ బృందం వాడే కొలత ఇది: సందర్శనల్లో 0.1 శాతం అంటే చాలా పెద్దది, 0.001 శాతం చిన్నదే కానీ కొట్టిపారేయలేనిది, 0.00001 శాతానికి తక్కువైతే పట్టించుకోనక్కర్లేదు. కౌంటర్ చేర్చిన కోడ్ స్టేబుల్ వాడేవాళ్లకి చేరడానికి వారాలు పడుతుంది, దాన్ని ముందే పథకంలో వేసుకోండి.

అంకె ఒక్కటే చాలదు. కౌంటర్ తగిలిన సైట్లను, వెబ్ సైట్లను తిరిగి రికార్డు చేసే హెచ్‌టీటీపీ ఆర్కైవ్ నుంచి తీసి, కొన్నింటిని స్విచ్ వేసి, ఆపి, పక్కపక్కన తెరిచి చూడండి. కాస్త అందం తగ్గిందా, బటన్ పనిచేయడం మానేసిందా? రెండూ ఒకే తూకం కాదు. ఇంకొకటి గుర్తుంచుకోండి. ఆ ఆర్కైవ్ కొంత జనాదరణ ఉన్న సైట్లనే తిరుగుతుంది, లాగిన్ దాటి లోపలికి పోదు. పొగాకు వేలం ధరలు చూపే చిన్న పేజీ, కాలేజీ ఫీజు పోర్టల్ లోపలి తెర అందులో ఉండకపోవచ్చు. మన ప్రాంతపు సైట్లను బీటా బ్రౌజర్‌తో, చవక ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెరిచి చూసే పని ఇక్కడివాళ్లే చేయాలి. తేడా కనబడితే వెబ్‌కంపాట్ డాట్ కామ్‌లో స్క్రీన్‌షాట్‌తో రాయండి.

సైట్లవాళ్లకి గడువు ఇవ్వాలి. కన్సోల్‌లో వచ్చే హెచ్చరిక ఏం పోతోందో, దాని బదులు ఏం రాయాలో చెప్పాలి. హెచ్1కి మందు తేలికే: స్టైల్‌షీట్ మొదట్లో వేర్ సెలెక్టర్‌లో హెచ్1 పెట్టి, అంటే :where(h1) అని, ఫాంట్ సైజు 2 ఈఎమ్, మార్జిన్ బ్లాక్ 0.67 ఈఎమ్ అని రాయడం. వేర్‌కి బలం (స్పెసిఫిసిటీ) సున్నా కాబట్టి సైట్ రాసుకున్న వేరే నియమాలను అది తొక్కేయదు. ఒక సెక్షన్ లోపలి హెచ్1కి పాత రూపమే కావాలంటే, సెలెక్టర్‌లో ఆ హెచ్1నే పెట్టి 2 బదులు 1.5, 0.67 బదులు 0.83 వేసుకుంటే సరి. ఇంతకంటే బరువైన మార్పులకి, పాత తీరు ఇంకొన్నాళ్లు నడిచేలా ఆఫీసుల నెట్‌వర్కుల కోసం ఎంటర్‌ప్రైజ్ పాలసీ, సైట్ల కోసం డెప్రికేషన్ ట్రయల్ పెడతారు.

బ్లింక్‌లో విడుదలకి ముగ్గురు ఏపీఐ ఓనర్ల (ఏ మార్పు విడుదల చేయాలో తేల్చేవాళ్ల) ఆమోదం కావాలి. ఆ తర్వాత కూడా కానరీ, డెవ్, బీటా అనే పరీక్ష వెర్షన్లు దాటి, స్టేబుల్‌లో మొదట కొద్దిమందికే తెరుస్తారు. బ్రౌజర్ అప్‌డేట్ లేకుండానే దూరం నుంచి ఆపగలిగే ఏర్పాటు అప్పటికే సిద్ధంగా ఉండాలి. వేరే సైట్ల నుంచి వచ్చే అభ్యర్థనలతో కుకీలు పోకుండా బిగించే సేమ్‌సైట్ కుకీ మార్పు ఫిబ్రవరి 2020లో క్రోమ్ 80తో మెల్లగా మొదలైంది. కోవిడ్ రోజుల్లో బ్యాంకులు, సరుకులు, ప్రభుత్వ సేవల సైట్లు ఆగకూడదని ఏప్రిల్‌లో వెనక్కి తీసుకుని, జూలైలో మళ్లీ మొదలుపెట్టారు. 2021లో క్రోమ్ 92 వేరే సైట్ ఐఫ్రేమ్‌లలో (పేజీలో పొదిగిన ఇంకో పేజీల్లో) అలర్ట్ పెట్టెను ఆపినప్పుడు కోడింగ్ నేర్పే సైట్లలోని పాఠాలు చెడ్డాయి, ఆ మార్పునూ వాయిదా వేశారు. ఫిర్యాదులు వస్తే ముందు స్విచ్ ఆపండి, కారణం తర్వాత వెతకండి. బగ్ వివరంగా అర్థమయ్యేదాకా ఆగితే అన్నాళ్లూ జనం పేజీలు చెడే ఉంటాయి.

స్టేబుల్‌లో అందరికీ తెరిచి, ఒకటి రెండు విడుదలలు ప్రశాంతంగా గడిచాక స్విచ్, పాత సైజు నియమాలు, ఆపిన దారి టెస్టులు తీసేయాలి. కౌంటర్ పనైపోయినా కౌంటర్ల జాబితాలో దాని నంబర్‌ను ఇంకొకదానికి ఇవ్వకూడదు. ఇస్తే పాత లెక్కలు కొత్త ఫీచర్ ఖాతాలో పడతాయి. పేరు ముందు ఆబ్సొలీట్ అని చేర్చి నంబర్‌ను అలాగే వదిలేయండి.