చిన్న వ్యాపారానికి మెంటర్: ఎలా వెతకాలి, ఏం పట్టుకెళ్ళాలి, ఎక్కడ తేడా కొడుతుంది

చిన్న వ్యాపారం చేసేవాళ్ళకి సలహాలకు కరువుండదు. బావమరిది చెప్తాడు, బ్యాంకు మేనేజర్ చెప్తాడు, సరుకు వేసే డిస్ట్రిబ్యూటర్ చెప్తాడు. వీళ్ళలో చాలామందికి మీ నిర్ణయంలో ఏదో ఒక లాభం ఉంటుంది. మెంటర్‌కి అది ఉండకూడదు. మీ లెక్కలు చూస్తాడు, మీరు తప్పించుకు తిరుగుతున్న ప్రశ్న అడుగుతాడు, నిర్ణయం మీకే వదిలేస్తాడు. రిటర్నులు వేసేది ఆడిటర్, ఫీజు తీసుకుని ప్రాజెక్టు రిపోర్టు రాసిచ్చేది కన్సల్టెంట్. ఆ పనులన్నీ మెంటర్ చేసిపెడతాడనుకుని వెళ్ళేవాళ్ళు రెండో మీటింగుకే నిరాశపడి మానేస్తారు.

ముందు కాగితం, తర్వాత మనిషి

మెంటర్‌ని వెతకడానికి ముందే ఒక పేజీ రాసుకోండి. అందులో ఉండాల్సినవి ఇవి: గత 12 నెలల అమ్మకాలు, నెలనెలా. ఒక్కో సరుకు మీద ఖర్చులు పోను మిగిలేది. షాపుల నుంచి రావాల్సిన బాకీలు, 30 రోజుల లోపువి, 30 నుంచి 60 రోజులవి, 60 దాటినవి వేరువేరుగా. గోడౌన్లో ఉన్న సరుకు విలువ. తీర్చాల్సిన అప్పులు, చేబదుళ్ళు, కట్టాల్సిన చిట్టీలతో సహా. ఇంటి ఖర్చుకి గల్లాపెట్టెలోంచి తీసేది.

చివరి రెండూ చాలామంది రాయరు. పాడేసుకున్న చిట్టీ గురించి చెప్పకపోతే నెలకో పాతికవేలు ఎటు పోతున్నాయో మెంటర్‌కి అర్థం కాదు, ఆ డబ్బు చేతిలో ఉందనుకుని కొత్త మిషన్ కొనమంటాడు.

పేజీ అడుగున ఒకే ఒక్క ప్రశ్న రాయండి. ‘వ్యాపారం పెంచాలి’ అన్నది ప్రశ్న కాదు. ‘లాభం వస్తోందని ఆడిటర్ అంటున్నాడు, నెలాఖరుకి జీతాలివ్వడానికి చేతిలో డబ్బుండట్లేదు, ఎందుకు?’ అన్నది ప్రశ్న.

ఈ ప్రశ్ననే తీసుకుని మెంటర్ పని ఎలా సాగుతుందో చూద్దాం. కారప్పొడులు, పిండివంటలు చేసి షాపులకు వేసే యూనిట్ ఒకటి ఉందనుకోండి. నెలకు 3 లక్షల అమ్మకాలు. అందులో సరుకు ఖర్చు 60 శాతం, అంటే 1.8 లక్షలు. షాపులు డబ్బిచ్చేది 45 రోజులకు. చేతిలో రెండు నెలల సరుకుంటుంది. మిర్చి, పప్పులు, నూనె ఇచ్చేవాళ్ళు మాత్రం 15 రోజులే ఆగుతారు. మెంటర్ మొదటి గంటలో చేయించే లెక్క ఇది: షాపుల దగ్గర 4.5 లక్షలు, సరుకులో 3.6 లక్షలు ఇరుక్కున్నాయి. అరువు తెచ్చుకున్న 90 వేలు తీసేస్తే రొటేషన్‌కి కావాల్సింది 7.2 లక్షలు. అమ్మకాలు 4.5 లక్షలకు పెంచితే అదే లెక్కన 10.8 లక్షలు కావాలి. ఆ అదనపు 3.6 లక్షలు ఎక్కణ్ణుంచి వస్తాయో తేలకుండా కొత్త షాపులు పట్టుకుంటే, అమ్మకాలు పెరిగేకొద్దీ జీతాలకు ఇబ్బందీ పెరుగుతుంది. (ఆవకాయ లాంటిదైతే ఇంకా బరువు. ఏడాదికి సరిపడా కాయ వేసవిలోనే కొనాలి కాబట్టి రెండు నెలల సరుకు అన్న లెక్క నప్పదు.)

యజమానికి వెంటనే తట్టేది: ‘త్వరగా ఇచ్చే షాపుకి 2 శాతం తగ్గిద్దాం.’ మంచి మెంటర్ ఇక్కడ సరేననడు, కాగితం మీద వేయిస్తాడు. డబ్బొచ్చే గడువు సగటున 45 రోజుల నుంచి 30కి తగ్గితే, 4.5 లక్షల అమ్మకాల మీద 2.25 లక్షలు చేతికొస్తాయి. అంతే డబ్బు రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 4,500. డిస్కౌంట్ అందరికీ ఇస్తే నెలకు 9,000. సగం అమ్మకాలకు మించి డిస్కౌంట్ ఇవ్వాల్సొస్తే బయట అప్పు తేవడమే చవక, బ్యాంకు ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్) అయితే ఇంకా చవక. కాబట్టి డిస్కౌంట్ ఆలస్యం చేసే నాలుగైదు పెద్ద షాపులకే.

ఇంకో దారి చట్టం. ఉద్యం (చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే) రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న ఉత్పత్తిదారుకి, రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా, లేకపోతే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలని చిన్న పరిశ్రమల కోసం 2006లో తెచ్చిన ఎంఎస్‌ఎంఈడీ చట్టం చెప్తోంది. గడువు దాటితే, సరుకు కొన్నవాడు డబ్బు కట్టే దాకా ఆ బిల్లును ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపించుకోలేడన్న నిబంధన 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఇది వీధి చివర కిరాణా మీద పెద్దగా పనిచేయదు, పుస్తకాలు పక్కాగా రాసే సూపర్‌మార్కెట్ల మీద పనిచేస్తుంది. నోటీసు పంపితే ఆర్డరే ఆగిపోవచ్చు కూడా. ఎవరి మీద వాడాలి, ఎవరితో మాట్లాడుకోవాలి అన్న దగ్గరే అనుభవం అక్కరకొస్తుంది.

ఎక్కడ వెతకాలి

30, 35 ఏళ్ళ లోపు యువతకు భారతీయ యువశక్తి ట్రస్ట్ మంచి దారి. 1992లో మొదలైన ఈ సంస్థ ఒక్కొక్కరికి ఒక్కో మెంటర్‌ని కలుపుతుంది, హైదరాబాద్‌లోనూ పనిచేస్తోంది. మహిళలకు తెలంగాణ ప్రభుత్వం 2018లో పెట్టిన వీ హబ్, అంతకు చాలా ముందు నుంచీ ఉన్న మహిళా పారిశ్రామికవేత్తల సంఘం అలీప్ ఉన్నాయి. టెక్నాలజీ స్టార్టప్ అయితే తెలంగాణ ప్రభుత్వ ఇంక్యుబేటర్ టీ హబ్, పారిశ్రామికవేత్తల సంఘం టై హైదరాబాద్, కేంద్రం నడిపే స్టార్టప్ ఇండియా వాళ్ళ మార్గ్ అనే మెంటర్ల పోర్టల్. అమెరికాలో కిరాణానో రెస్టారెంటో నడిపే తెలుగువాళ్ళకి 1964 నుంచి ఉన్న స్కోర్ అనే స్వచ్ఛంద సంస్థ ఉచితంగా మెంటర్‌ని ఇస్తుంది, దాని సంగతి మనవాళ్ళలో ఎక్కువమందికి తెలియదు.

ఫుడ్ యూనిట్లకు పీఎంఎఫ్‌ఎంఈ అనే కేంద్ర ప్రభుత్వ పథకంలో జిల్లా రిసోర్స్ పర్సన్లు ఉంటారు. ప్రాజెక్టు రిపోర్టు, ఫుడ్ లైసెన్సు, ఉద్యం, లోను పనుల్లో సాయపడతారు. వాళ్ళ పారితోషికం లోను మంజూరుతో ముడిపడి ఉంటుంది. అందుకే ‘అసలు లోను తీసుకోవాలా’ అన్న ప్రశ్న వాళ్ళని కాకుండా వేరొకరిని అడగాలి.

సంస్థలేవీ కుదరకపోతే మీ ఊరి ఛాంబర్‌లోనో, వర్తక సంఘంలోనో వ్యాపారం పిల్లలకు అప్పజెప్పిన పెద్దమనిషిని చూడండి. మీ సరుకే అమ్మే మనిషి వద్దు, మీకు సరుకిచ్చే మనిషీ వద్దు. మీకన్నా ఐదు నుంచి పది రెట్లు పెద్ద వ్యాపారం చూసినవాళ్ళు సరిపోతారు. వంద రెట్లు పెద్ద కంపెనీలో అధికారిగా రిటైరైనవాళ్ళు తెలివైనవాళ్ళే, కాకపోతే శనివారం సాయంత్రం కూలి డబ్బు సర్దడమంటే ఏంటో వాళ్ళకి తెలియకపోవచ్చు.

కూర్చునే పద్ధతి

మొదట మూడు నెలలు పదిహేను రోజులకోసారి, ఆ తర్వాత నెలకోసారి. ఒక్కో మీటింగు గంట, గంటంబావు. మొదటి పది నిమిషాలు క్రితంసారి అనుకున్నవి అయ్యాయా లేదా, నలభై నిమిషాలు ఆ రోజు ప్రశ్న, మిగతాది వచ్చేసారికి చేయాల్సినవి రాసుకోవడం. మూడుకి మించి రాయొద్దు, ప్రతిదాని పక్కన తేదీ ఉండాలి. అదే రాత్రి ఆ మూడింటినీ మెంటర్‌కి వాట్సాప్‌లో పంపండి. మీటింగుకి రెండు రోజుల ముందు తాజా లెక్కలు పంపండి, అక్కడికెళ్ళి పుస్తకం తెరిస్తే సగం సమయం వెతుకులాటకే పోతుంది. రెండోసారో మూడోసారో యూనిట్ దగ్గరే కూర్చోండి. నోటితో చెప్పిన వేస్టేజీకి, కళ్ళతో చూసిన వేస్టేజీకి చాలా తేడా వస్తుంది.

మొదట్లోనే నాలుగు మాటలు కాగితం మీద పెట్టుకోండి: లెక్కలు బయటికి పోకూడదు, ఇద్దరి మధ్య అప్పులుండవు, మెంటర్ పరిచయం చేసిన సప్లయర్ దగ్గర కమీషన్ తీసుకోడు, ఆరు నెలలకు ఇద్దరూ కూర్చుని కొనసాగించాలో వద్దో చూసుకుంటారు. స్టార్టప్‌లలో సలహాదారుకి పావు శాతం నుంచి ఒక శాతం దాకా వాటా, అదీ రెండేళ్ళలో విడతలుగా, ఇవ్వడం ఉంది. షాపుకో చిన్న యూనిట్‌కో వాటా అడిగేవాడు పార్ట్‌నర్ అవుతానంటున్నాడని అర్థం, దాన్ని ఆ లెక్కలోనే చూడండి.

తేడా కొట్టేది ఇక్కడ

అన్నిటికన్నా ఎక్కువ చెడగొట్టేది ‘సరే సార్’. పెద్దాయన చెప్పారని తలూపుతాం, ఇంటికొచ్చి పక్కన పెడతాం, వచ్చేసారి మొహం చెల్లక మీటింగు వాయిదా వేస్తాం. రెండు వాయిదాలు పడితే సంబంధం ముగిసినట్టే. నచ్చని సలహాకి అక్కడే ‘సార్, మా ఊళ్ళో ఇది జరగదు, ఎందుకంటే...’ అనండి. ఆ ‘ఎందుకంటే’ తర్వాత వచ్చేదాంట్లోనే ఎక్కువసార్లు అసలు సమస్య దొరుకుతుంది. చేయలేకపోయిన పని ఉంటే చేయలేదనే చెప్పండి.

యూనిట్ నడిపేది భార్య అయితే మీటింగులో మాట్లాడాల్సింది ఆవిడే. భర్త పక్కన కూర్చుని జవాబులు చెప్తుంటే వాటిలో ఆర్డర్ల సంగతి ఉంటుంది, వంటింటి సంగతి ఉండదు. ఒకేసారి ముగ్గురు మెంటర్లను పెట్టుకుని నచ్చిన జవాబు చెప్పినవాడి మాట వినడం కూడా మామూలే. ఒక ప్రశ్నకి ఒక్కరే. ఎగుమతి, ప్యాకింగ్ లాంటి ప్రత్యేక విషయానికి ఇంకొకర్ని ఒకట్రెండు సార్లు కలిస్తే తప్పులేదు.

మెంటర్ వైపు నుంచీ తప్పులుంటాయి. గంటలో నలభై నిమిషాలు తన రోజుల గురించే చెప్పేవాళ్ళు, లెక్కలు అడగకుండానే మొదటిరోజే పరిష్కారం ఇచ్చేవాళ్ళు, మీ పనివాళ్ళకు నేరుగా ఫోన్ చేసి పురమాయించేవాళ్ళు. మొదటి రకానికి ప్రశ్నని ముందే రాసి పంపితే కొంత దారికొస్తారు. మూడో రకానికి మర్యాదగా, వెంటనే దండం పెట్టేయండి.

ఆరో నెలలో మొదటి రోజు రాసిన పేజీని మళ్ళీ కొత్త అంకెలతో నింపండి. 60 రోజులు దాటిన బాకీలు తగ్గాయా, నెలాఖరున చేతిలో ఎంత మిగులుతోంది అన్న రెండూ చాలు. కదలిక లేకపోతే, అనుకున్న పనులు మీరు చేశారా లేదా పాత వాట్సాప్ మెసేజులు చూసుకోండి. చేసినా కదల్లేదంటే మెంటర్‌ని మార్చాలి. ప్రశ్న తీరిపోయి కొత్త ప్రశ్న ఆయనకి తెలియని రంగంలో వచ్చినా అంతే. అలాంటప్పుడు ‘దీనికి ఎవరిని కలవమంటారు సార్’ అని ఆయన్నే అడగండి. మంచి మెంటర్ అక్కడికక్కడే ఒక పేరు చెప్పి, ఫోన్ కూడా తనే చేస్తాడు.