వంటగది పాఠాలు – 5: పూత లేని ఇత్తడి సింక్‌ను తూకం చూసి ఎంచుకోవడం

పోయిన పాఠంతో స్టీలు సింక్‌ల సంగతి అయిపోయింది. ఈసారి ఇత్తడి. విజయవాడ, గుంటూరుల్లో ఇల్లు కట్టుకుంటూ నల్ల గ్రానైట్ గట్టు మీద పచ్చగా మెరిసే సింక్ పెట్టించుకోవాలని ఆశపడేవాళ్ళు నాకు తరచుగా తగులుతుంటారు. ఫొటోలో మెరుపు చూసే ఆ ఆశ పుడుతుంది. ఈ పాఠం చదివాక మీరు కొట్లో నిలబడి, కొట్టువాళ్ళ మాట మీదే ఆధారపడకుండా మూడు విషయాలు తేల్చుకోగలగాలి: అది ఇత్తడేనా, పైన పూత ఉందా, రేకు మందం ఎంత. మూడోది అన్నిటికన్నా ముఖ్యం.

ముందు పూత. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. రేకుగా వచ్చే ఇత్తడిలో రాగి సాధారణంగా 60 నుంచి 70 శాతం ఉంటుంది. గాలీ తడీ తగిలితే అది రంగు తిరుగుతుంది. అలా తిరగకుండా కొందరు పైన కంటికి కనపడని లాకర్ (వార్నిష్ లాంటిది) పూత వేస్తారు. గోడకు తగిలించే బొమ్మకీ తలుపు పిడికీ ఆ పూత బాగానే ఉంటుంది. సింక్‌లో మాత్రం గిన్నెలు రాసుకుని, వేడి గంజి పడి, పూత అక్కడక్కడ లేచిపోతుంది. లేచినచోట నల్లబడుతుంది, పక్కన మెరుస్తూనే ఉంటుంది. ఎంత తోమినా ఆ మచ్చలు కలవవు, పూత మొత్తం తీయించాల్సిందే. పూత లేని సింక్ అయితే ఎప్పుడు కావాలంటే అప్పుడు ఇంట్లోనే తోముకోవచ్చు. అందుకే నా ఓటు పూత లేనిదానికే.

ఇంకో కారణం కూడా ఉంది. రాగి పాళ్ళు 60 శాతానికి తగ్గని లోహాలు తమ మీద పడిన బాక్టీరియాను చంపుతాయని 2008లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ గుర్తించింది. పైన ఏ పూతా లేకుండా, రోజూ శుభ్రం చేస్తుంటేనే ఆ గుణం పనిచేస్తుంది. కడగడం మానేయడానికి అది లైసెన్సు మాత్రం కాదు.

ఇక మన వంట దగ్గరికి వద్దాం. ఇక్కడే చాలామంది నిరాశపడతారు. మనది పులుపు వంట. చింతపండు పులుసు, గోంగూర, నిమ్మకాయ, మజ్జిగ, ఏడాది పొడుగునా ఊరగాయలు. సింక్ కొన్నాళ్ళకు గోధుమ రంగుకు తిరిగాక పులుసు పడినచోటల్లా మళ్ళీ పచ్చగా మెరుస్తుంది, పులుపు పైపొరను కరిగించేస్తుంది కాబట్టి. అదే పులుసు రాత్రంతా నిలిచిపోతే గులాబీ రంగు మరక తేలుతుంది. అక్కడ జింకు ముందు కరిగిపోయి రాగి మిగిలిందన్నమాట. ఉప్పూ తడీ కలిసి నిలిస్తే ఆకుపచ్చ చిలుము పడుతుంది. మన పెద్దవాళ్ళు ఇత్తడి గిన్నెలకు కళాయి పోయించింది ఈ బాధ తప్పించుకోడానికే.

కాబట్టి ఇంటి అలవాటు చూసుకోండి. రాత్రి ఎంగిలి గిన్నెలు సింక్‌లో వేసి, పొద్దున పనమ్మాయి వచ్చాక తోమించే ఇల్లయితే, గిన్నెలకు వెనక వాష్ ఏరియాలో స్టీలు సింక్ పెట్టించి, వంటగదిలో ఇత్తడిది ఉంచుకోవడం మేలు. ఒక్క సింక్‌కే చోటుంటే స్టీలే తీసుకోండి. బోరు నీళ్ళు ఉప్పగా ఉండే ఇళ్ళకూ ఇదే మాట. ఉప్పు నీళ్ళు జింకును ఇంకా తొందరగా లాగేస్తాయి.

ఇప్పుడు కొట్లో చేయాల్సిన పరీక్షలు. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకెళ్ళండి. అంటుకుంటే లోపల ఇనుము ఉన్నట్టే. అంటుకోలేదని మాత్రం ఇత్తడి అనుకోకండి. బంగారు రంగు పీవీడీ పూత (లోహాన్ని ఆవిరి చేసి పట్టించే పల్చటి పొర) వేసిన 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు కూడా అంటుకోదు. అడుగున, కనపడని అంచు మీద ఆకురాయితో ఒక్క గీత గీయమనండి. ఇత్తడి అయితే లోపల కూడా పచ్చగానే ఉంటుంది, స్టీలు తెల్లగా బయటపడుతుంది.

పూత తెలుసుకోడానికి ఒక నిమ్మరసం చుక్క చాలు. దాన్ని సింక్ కిందివైపు వేయకండి. పైవైపు మాత్రమే పూత పూసే తయారీదార్లు ఉంటారు. జాలీ కూర్చునే రంధ్రం అంచున వేసి, పావుగంట ఆగి తుడవండి. పూత లేకపోతే చుక్క పడినంత మేర రంగు తేడాగా కనిపిస్తుంది. ఆ మచ్చ ఎలాగూ జాలీ కిందికి పోతుంది.

మందం. కొట్టువాళ్ళు గేజ్ చెబుతారు. గేజ్ అంకె పెరిగేకొద్దీ రేకు పల్చన, పైగా ఒక్కో గేజ్ పద్ధతిలో ఒకే అంకెకు ఒక్కో మందం వస్తుంది. మిల్లీమీటర్లలోనే అడగండి. చెప్పిన మాటను తూకంతో సరిచూసుకోండి. బిందెలు, గంగాళాలు తూకానికి కొనే మనం సింక్ దగ్గరికొచ్చేసరికి పీసు లెక్కన కొనేస్తున్నాం. విజయవాడ వన్‌టౌన్‌లోనైనా, గుంటూరు పట్నం బజారులోనైనా పాత్రల కొట్లో త్రాసు ఉండనే ఉంటుంది.

లెక్క ఇదీ. చదరపు అంగుళం ఇత్తడి రేకు, ఒక మిల్లీమీటరు మందంలో, దాదాపు 5.5 గ్రాములు తూగుతుంది. 24 అంగుళాల పొడవు, 18 వెడల్పు, 9 లోతు ఉన్న సింక్ తీసుకోండి. అడుగు 432 చదరపు అంగుళాలు. నాలుగు పక్కలూ కలిపి 756. మొత్తం 1188. దాన్ని 5.5తో గుణిస్తే ఒక మిల్లీమీటరు మందానికి ఆరున్నర కిలోలు. 1.2 మిల్లీమీటర్లయితే 7.8 కిలోలు, 1.5 అయితే 9.8. పై అంచుకు ఇంకొంచెం కలుపుకోండి. జాలీ, కింద అంటించిన ప్యాడ్లు తీసేసి తూయించండి. 1.2కి తక్కువైతే బరువైన కుక్కర్ జారిపడినప్పుడు సొట్ట పడుతుంది, నేనైతే తీసుకోను.

మూలల్ని వేలితో తడమండి. అతుకు దగ్గర సూదిబెజ్జాలు ఉండకూడదు. రేకు వంచాక కాల్చి మెత్తబరిచారా అని కూడా అడగండి. వంచిన ఇత్తడిలో బిగువు మిగిలిపోతే, అమోనియా తగిలినప్పుడు పగుళ్ళిస్తుంది. 19వ శతాబ్దంలో మన దేశంలో ఉన్న బ్రిటిష్ సైన్యానికి వానాకాలంలో ఇత్తడి తూటా గొట్టాలు వాటంతటవే చీలిపోయేవి. గుర్రాల మూత్రంలోంచి వచ్చే అమోనియా వాటికి తగిలేది. తర్వాత 1921లో పరిశోధకులు ఈ కారణాన్ని వివరంగా చెప్పారు. అమోనియా ఉన్న క్లీనర్లు, బ్లీచింగ్ ఈ సింక్ దగ్గరికి రానివ్వకండి.

కొలత ఇచ్చి చేయించుకోవాలనుకుంటే తణుకు దగ్గర అజ్జరం ఇత్తడి పనికి పేరున్న ఊరు, వెళ్ళి మాట్లాడొచ్చు. రేకు మందం, రాగి పాళ్ళు, పూత లేదన్న మాట బిల్లు మీద రాయించుకోండి.

మేస్త్రీకి రెండు మాటలు. పైన చెప్పిన సింక్ నిండితే 64 లీటర్ల నీళ్ళు, అంటే సింక్‌తో కలిపి 70 కిలోలు దాటుతుంది. గ్రానైట్ కింద ఒట్టి సిలికాన్ జిగురు మీద వేలాడదీయనివ్వకండి, ఇనుప ఫ్రేమ్ ఆసరా కావాలి. సిలికాన్ కూడా న్యూట్రల్ రకం కొనండి. వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు వదిలే ఆమ్లం ఇత్తడిని తింటుంది.

ఇంటి పని: 20 అంగుళాల పొడవు, 16 వెడల్పు, 8 లోతు ఉన్న సింక్ అంచు లేకుండా 5 కిలోలు తూగింది. కొట్టాయన 1.5 మిల్లీమీటర్ల రేకు అంటున్నాడు. లెక్క కట్టి చూడండి. జవాబు వచ్చే పాఠంలో, ఇత్తడి కుళాయిలతో పాటు.