లూసర్న్ మడిలో పసుపు మచ్చలా? యూరియా బస్తా విప్పే ముందు వంగి చూడండి

లక్షణం: పశుగ్రాసంగా మళ్లీ మళ్లీ కోసే లూసర్న్‌లో రెండో కోతో మూడో కోతో అయ్యాక మడిలో అక్కడక్కడ చాటంత మేర పసుపు తిరుగుతుంది. చూస్తుండగానే అది మంచమంత అవుతుంది. చూసిన ప్రతివారూ నత్రజని లోపమంటారు. లూసర్న్ పప్పుజాతి మొక్క, వేరు బుడిపెల్లోని బ్యాక్టీరియా సాయంతో నత్రజనిని తానే సమకూర్చుకుంటుంది. నిన్నటిదాకా ఏపుగా ఉన్న మడికి చాటంత చోటే కరువు వస్తుందా?

చేయాల్సిన పరీక్ష ఒక్కటే, ఎవరూ చేయనిదీ అదే. మచ్చ అంచున కూర్చుని మొక్కలను చేతులతో విడదీసి కాండాలు చూడండి. నడుమ చూస్తే లాభం లేదు, అక్కడ మొక్కతో పాటు దాన్ని చుట్టుకున్న తీగా ఎండిపోయి ఉంటుంది. అంచున ఆకుల్లేని పసుపు దారాలు సేమ్యాలా చుట్టుకుని ఉంటే అది బంగారు తీగ, వేరే మొక్క రసం పీల్చి బతికే కలుపు. కృష్ణా డెల్టాలో వరి మాగాణుల్లో మినుము వేసేవారికి దీన్ని పరిచయం చేయనక్కర్లేదు.

నేనూ ఒక ఏడాది యూరియా చల్లినవాడినే. లూసర్న్ కాస్త తేరుకుంది, దాని రసం పీల్చే తీగ ఇంకా బాగా తేరుకుంది. పైగా మచ్చలను కూడా మిగతా మడితో కలిపే కోయించాను. తెగిన ముక్క పచ్చి మొక్క మీద పడితే మళ్లీ అంటుకుంటుంది. తర్వాతి కోతకు 3 మచ్చలు 15 అయ్యాయి.

కారణం: దాదాపు ఎప్పుడూ విత్తనంలో కలిసి వచ్చిన తీగ గింజే. లూసర్న్ గింజ నున్నగా, చిక్కుడు గింజ ఆకారంలో ఉంటుంది. తీగ గింజ దానికంటే చిన్నది, గుండ్రం, గరుకు. గుప్పెడు విత్తనం తెల్లకాగితం మీద పోసి భూతద్దంతో చూస్తే తెలిసిపోతుంది. సన్నజల్లెడ పడితే చాలావరకు రాలిపోతుంది, మొత్తం పోదు. నేలలో చేరిన గింజ 10 ఏళ్లు దాటినా మొలవగలదు, కాబట్టి చవక విత్తనం ఆదా కాదు.

పరిష్కారం: మచ్చ చుట్టూ రెండడుగులు ఎక్కువ తీసుకుని నేలమట్టానికి కోసి, అక్కడే ఎండబెట్టి తగలబెట్టండి. పశువుకు వేయకండి. గింజ పట్టిన తీగైతే కొన్ని గింజలు పేడలో బతికే వచ్చి, ఎరువుతో మళ్లీ పొలం చేరతాయి. వారం తర్వాత తిరిగి చూడండి, మోడుకు చుట్టుకున్న చిన్న ముక్క చాలు దానికి. తేనెపెట్టెలు పెట్టి మడిని పూతకు వదిలేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. తేనెటీగల కోసం మీరు ఆగినన్ని రోజులూ తీగ కూడా పూసి గింజ కడుతుంది.

సగం మడి పోయిందా? దున్నేసి కొన్నేళ్లు జొన్న, మొక్కజొన్న వేయండి. గడ్డిజాతి మీద అది బతకదు. మినుము, పిల్లిపెసర, బర్సీమ్ లాంటి పప్పుజాతివి మాత్రం వద్దు, వాటి మీద తీగ బతుకుతుంది.

పల్లంలో మాత్రమే పసుపు ఉంటే నీరు నిలిచి వేరు కుళ్లినట్టు, కాలువ తీయండి. ఆకు జిగటగా ఉంటే పేనుబంక, వెంటనే కోసేయండి. సూక్ష్మపోషక లోపాలు ఇలా మచ్చలుగా పాకవు.