మల్లికి తోడు: జత పోయిన కుందేలుకు కొత్త జోడీ కుదర్చడం ఎలా

జత పోయిన కుందేలు ఉన్న ఇంట్లో మొదటి వారం చూడవలసినవి గడ్డి, పెంటికలు. తోడు సంగతి ఆ తర్వాత. కుందేలు పేగులు ఎప్పుడూ కదులుతూనే ఉండాలి. 12 గంటలు ఏమీ ముట్టకపోయినా, గూట్లో పెంటికలు పడకపోయినా, దిగులు పెట్టుకుంది, అదే సర్దుకుంటుందిలే అని ఊరుకోవద్దు. అది ప్రాణం మీదికి వచ్చే విషయం, ఆ పూటే పశువైద్యుడికి చూపించాలి. మా కుందేలు మల్లికి జతగా ఉన్న నల్లయ్య పోయాక, అది గూటి మూలకు ముఖం తిప్పుకుని కూర్చునేది. గరిక వేస్తే వాసన చూసి వదిలేసేది. కొత్తిమీర కాడ మూతికి ఆనించి పట్టుకుంటే కాసేపటికి ఒక ఆకు, ఇంకాసేపటికి ఇంకో ఆకు లాగేది. అన్నం పెట్టు, బిస్కెట్ పెట్టు అని చెప్పినవాళ్ళు మా వీధిలో చాలామందే ఉన్నారు. అవి పెడితే అసలే మందగించిన కడుపు ఇంకా పాడవుతుంది. క్యారెట్ కూడా రుచికి ఒక ముక్క చాలు, అందులో తీపి ఎక్కువ.

పోయినది ఏ జబ్బుతో పోయిందో తెలియకపోతే, ఉన్నదాన్ని డాక్టరుకు చూపించి, గూటిని సలసల కాగే నీళ్ళతో కడిగి ఎండలో ఆరబెట్టండి. కోక్సిడియా లాంటి పేగు జబ్బుల క్రిములు ఫినాయిల్‌కు తేలిగ్గా లొంగవు. వేడికీ, బాగా ఆరిన చోటుకూ లొంగుతాయి.

ఎన్నాళ్ళు ఆగాలి అంటే నెలల లెక్క చెప్పలేను. మునుపటిలా తింటూ, ఒళ్ళు నాక్కుంటూ ఉంటే వెతకడం మొదలుపెట్టవచ్చు. మన పాలమూరులో మాత్రం ఎండ లెక్క ఒకటి ఉంది. కుందేలుకు మనలా చెమట పట్టదు, ఒంటి వేడిలో చాలా భాగం చెవుల గుండానే పోవాలి. 30 డిగ్రీలు దాటితేనే దానికి కష్టం, ఇక్కడ ఏప్రిల్, మే నెలల్లో 40 దాటుతుంది. ఆ వేడిలో ప్రయాణం, కొత్త చోటు, కొత్తవాళ్ళతో తగాదా మూడూ కలిస్తే తట్టుకోలేదు. శివరాత్రి దాటిందంటే ఆ ఏడాది వానలు పడి చల్లబడేదాకా తేవద్దు. దసరా నుంచి సంక్రాంతి దాకా అన్నిటికన్నా మంచి కాలం.

ఇక ఎవరిని తేవాలి? మా ఇంట్లో అందరికీ నల్లదే కావాలి. మా చిన్నవాడు ఫోనులో నల్ల పిల్లల ఫోటోలు తప్ప ఇంకోటి చూపించేవాడు కాదు. రంగు మన కంటికోసం. మల్లికి దానితో పని లేదు. దానిది పెత్తనం చేసే స్వభావం. నీళ్ళ గిన్నె తనకు నచ్చినచోట లేకపోతే పళ్ళతో పట్టి ఈడ్చుకుపోతుంది. అలాంటిదాని దగ్గరికి ఇంకో పెత్తందారును తెస్తే రోజూ యుద్ధమే. తల వంచి సర్దుకుపోయేవాడు కావాలి. మీది చీమ చిటుక్కుమన్నా గూట్లో దూరే రకమైతే, జడుసుకోకుండా తిరిగే నెమ్మదైనదాన్ని చూడండి. అంటే పోయినదాన్ని కాసేపు మరిచి, ఉన్నదాన్ని నాలుగు రోజులు గమనించాలి. కాస్త కష్టమే, కానీ తప్పదు.

చిన్న పిల్లను తెస్తే గొడవ ఉండదని దుకాణాల వాళ్ళు చెబుతారు. నిజమే, మొదట ఉండదు. మూడు నాలుగు నెలలకు ఆ పిల్ల వయసుకు రాగానే కథ మారుతుంది. అప్పటిదాకా నాకిన పెద్దదే తరిమి కరుస్తుంది. పైగా దుకాణాల్లో తల్లి పాలు మానకముందే అమ్మేస్తారు. 8 వారాలు నిండని పిల్లను ఎవరిచ్చినా తీసుకోవద్దు. ఎదిగి, స్వభావం బయటపడిన కుందేలును తెచ్చుకోవడం మేలు. పిల్లలు సరదాపడ్డారని కొని, వాళ్ళ చేతుల మీద గీరుళ్ళు పడ్డాక ఎవరికైనా ఇచ్చేద్దామనుకునే ఇళ్ళు ప్రతి పట్టణంలోనూ ఉంటాయి. మా జొన్న అలా ఏనుగొండలో ఒక ఇంటి నుంచి వచ్చినవాడే. జొన్న రొట్టె రంగు, వెడల్పు మూతి, మహా శాంతం. ఇచ్చేవాళ్ళతో ముందే మాట్లాడుకోండి: "అన్నా, రెండింటికీ కుదరకపోతే వెనక్కి తీసుకుంటారా?" మొహమాటపడితే తర్వాత చిక్కు.

అన్నిటికన్నా బాగా కుదిరే జత ఒక ఆడ, ఒక మగ, రెండింటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయినవి. ఆడా మగా తేల్చుకోవడంలో చాలామంది బోల్తాపడతారు. "అక్కా, ఇది ఆడదే, నాదీ పూచీ" అంటాడు దుకాణంలో అబ్బాయి. "తమ్ముడూ, తిప్పి చూపించు" అనండి. తోక కింద మెల్లగా ఒత్తితే మగదానికి గుండ్రంగా, ఆడదానికి నిలువు చీలికలా కనిపిస్తుంది. మరీ పిల్లల్లో అనుభవం ఉన్నవాళ్ళూ పొరబడతారు. ఆపరేషన్ లేని జంటను కలిపితే 30, 31 రోజుల్లో ఈత. ఈనిన రోజే మళ్ళీ కట్టు నిలవగలదు. ఆ తర్వాత మీరు వెతకవలసింది ఒక్క తోడును కాదు, డజను ఇళ్ళను.

మగవాటికి సుమారు 4 నెలల నుంచి, ఆడవాటికి 5, 6 నెలల నుంచి ఆపరేషన్ చేయవచ్చు. ఆపరేషన్ లేని ఆడ కుందేళ్ళకు వయసు మళ్ళేకొద్దీ గర్భసంచి క్యాన్సర్ తరచు వస్తుంది కాబట్టి చేయిస్తే రెండు విధాలా మంచిది. కానీ గొర్రెలు, బర్రెలు చూసే చేతులన్నీ కుందేలుకు మత్తు ఇవ్వలేవు. ఫీజు కన్నా ముందు ఒక ప్రశ్న అడగండి: "రాత్రంతా ఆకలితో ఉంచాలా డాక్టరు గారూ?" ఉంచాలి అన్నారంటే లేచి వచ్చేయండి. కుందేలు వాంతి చేసుకోలేదు, దాన్ని కుక్కలా పస్తు పెట్టకూడదు. మాకు దగ్గరలో నమ్మకం కుదరక హైదరాబాదు తీసుకెళ్ళాం. మగదానికి ఆపరేషన్ తేలిక. ఆడదానికి వీలుకాకపోతే మగవాడికైనా చేయించండి. అయితే ఆపరేషన్ తర్వాత కూడా 4 నుంచి 6 వారాలు వాడివల్ల కట్టు నిలిచే అవకాశం ఉంటుంది, అన్నాళ్ళూ ఆడదానికి దూరంగా ఉంచాలి.

రెండు మాటలు చెప్పి ముందుకు పోతాను. చేలల్లో వలకు చిక్కిన చెవులపిల్లిని తెచ్చిస్తామనేవాళ్ళు ఉంటారు. అది వన్యప్రాణి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పట్టడమే నేరం. మన పెంపుడు కుందేలుకు అది జాతి కూడా కాదు. గినీ పందిని కూడా జోడీగా తేవద్దు. కుందేలు వెనక కాళ్ళతో తంతే దాని ఎముకలు విరుగుతాయి, రెండింటి తిండీ వేరు.

కొత్తది రాగానే రెండు వారాలు వేరే గదిలో ఉంచాలి. చెవి లోపల గోధుమరంగు పొరలు, ముక్కు అంచున, కాలివేళ్ళ మీద తెల్లటి పొక్కులు ఉంటే గజ్జి. ముందు కాళ్ళ లోపలి బొచ్చు తడిసి అట్టకట్టి ఉంటే ముక్కు కారుతోందని, కాళ్ళతో తుడుచుకుంటోందని అర్థం. పాతదానికి ముందు మేత వేసి, కొత్తదాని దగ్గరికి తర్వాత వెళ్ళి, చేతులు కడుక్కోండి. సొంత వైద్యం వద్దు. కుక్కల పేలకు కొట్టే ఫిప్రోనిల్ కుందేలు ప్రాణం తీస్తుంది, అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ నోటి ద్వారా ఇచ్చినా అంతే.

తర్వాత రెండు గూళ్ళు పక్కపక్కన, మూతులు అందనంత ఎడంతో. నేను బట్టలు కుడతాను కాబట్టి నూలు గుడ్డ ముక్కలకు మా ఇంట్లో కరువు లేదు. కుందేలు తన వాసనను గడ్డం కిందినుంచి పూస్తుంది. ఆ చోట గుడ్డతో తుడిచి రెండోదాని మేత పక్కన పెట్టేదాన్ని. మల్లి మొదట ఆ గుడ్డను గూటి బయటికి విసిరేసింది. అలా విసిరి విసిరి, చివరికి దానిమీద పడుకుని గరిక నమిలింది. గూళ్ళను కూడా అటుదిటు మారుస్తూ ఉండాలి.

ఎదురెదురుగా కలపడానికి పాతది ఎన్నడూ అడుగుపెట్టని చోటు కావాలి. మల్లికి నా కుట్టు గదిలోకి ఎప్పుడూ ప్రవేశం లేదు, మిషన్ మోటారు తీగ కొరికేస్తుందని. అందుకే అదే గది. ముందు గుండుసూదులు, దారం ముక్కలు ఒక్కటి మిగలకుండా ఊడ్చాలి, దారం మింగితే పేగుకు చుట్టుకుంటుంది. తాండూరు బండల మీద కాళ్ళు జారితే కుందేలు బెదురుతుంది, బెదిరితే కరుస్తుంది. జంపఖానా పరవండి. అట్టపెట్టెలు పెడితే రెండు వైపులా దారి కోయండి, ఒకే దారి ఉంటే లోపల ఇరుక్కున్నది తిరగబడుతుంది. గరిక అక్కడక్కడా చల్లండి.

చేతిలో చాట పట్టుకుని కింద కూర్చోండి. చాట ఎందుకంటే, రెండూ కలియబడితే మధ్యలో దూర్చడానికి. చెయ్యి మాత్రం పెట్టకూడదు, కుందేలు కాటు లోతుగా దిగుతుంది. తరమడం, ఎక్కడం, కాస్త బొచ్చు పీకడం మామూలే, ఆడది కూడా ఎక్కుతుంది, ఎవరు పెద్దో తేల్చుకోవడం అది. తల వైపునుంచి ఎక్కితే మాత్రం వెంటనే దింపండి, కింద ఉన్నది కొరికితే గాయం చెడ్డ చోట అవుతుంది. చెవులు వెనక్కి అణిగి, తోక నిక్కి, గుర్రుమంటూ ఒకదాని చుట్టూ ఒకటి గిరగిర తిరుగుతుంటే చాట దూర్చి ఆ పూటకు ఆపేయండి. 10, 15 నిమిషాలతో మొదలుపెట్టి రోజూ కొంచెం పెంచుకుంటూ పోవాలి. గొడవ పడుతుండగా విడదీసి పంపడం కన్నా, ఇద్దరూ తమ మానాన తాము మేస్తున్నప్పుడు ముగించడం మంచిది.

మల్లి మొదటి రోజుల్లో జొన్నకు వీపు చూపించి కూర్చునేది. వాడు మెల్లగా వచ్చి దాని ముక్కు ముందు తల నేలకు ఆనించి నన్ను నాకు అన్నట్టు ఉండేవాడు. అది చెవి కదిపేది కాదు. వాడు లేచి వెళ్ళి రెండు గడ్డి పరకలు తిని మళ్ళీ అదే పని. ఆ ఓర్పు చూసి నాకే విసుగొచ్చింది. ఒక రోజు వాడు తింటున్న కొత్తిమీర కాడకు రెండో కొస మల్లి అందుకుంది, కాడ అయిపోయేసరికి రెండు మూతులు కలిశాయి. ఆ తర్వాత నుదురు నాకింది. అప్పటికీ రాత్రిళ్ళు వేరుగానే ఉంచాను. వరుసగా రెండు రోజులు పగలూ రాత్రీ మీ కళ్ళ ముందు గొడవ లేకుండా గడిచాకే ఒకే గూట్లోకి మార్చాలి. ఆ గూటిని వెనిగర్ కలిపిన నీళ్ళతో తుడిచి, సామాను చోటు మార్చి పెడితే ఇది నా ఇల్లు అన్న పట్టు తగ్గుతుంది. గిన్నెలు రెండేసి ఉంచండి.

ఎంతకీ కుదరని జంటలూ ఉంటాయి. వాటిని పక్కపక్క గూళ్ళలో ఉంచినా ఒకదానికొకటి కనిపిస్తూ, వినిపిస్తూ ఉంటాయి, ఒంటరిగా ఉండటం కన్నా అదీ నయమే. కుదిరినవాటిని మాత్రం మళ్ళీ విడదీయకూడదు. ఒకదాన్నే ఆసుపత్రికి తీసుకెళ్ళి తెస్తే దాని ఒంటి వాసన మారి, ఇంట్లో ఉన్నది పరాయిదనుకుని మీద పడవచ్చు. జబ్బు ఒకదానిదైనా రెండింటినీ తీసుకెళ్ళండి. బుట్ట కొనేటప్పుడే రెండు పట్టేది కొనండి.