పుట్టగొడుగుల కోసం అడవి దారి పట్టేముందు

అక్టోబరులో ముసురు పట్టిందంటే తిరుపతి చుట్టుపక్కల పుట్టగొడుగుల ఫొటోలు తీసేవాళ్లకి కాలు నిలవదు. నాదీ అదే జబ్బు. అయితే వింత గొడుగు కనిపించగానే కళ్లన్నీ దానిమీదే ఉంటాయి. చెయ్యి ఎక్కడ పెడుతున్నామో చూసుకోం.

పుట్ట దగ్గరే మొదటి ప్రమాదం. చెదలు లోపల పెంచుకునే బూజు నుంచే ఆ తెల్లటి గొడుగులు పైకి వస్తాయి. నాగులచవితికి మనం పాలు పోసేదీ అలాంటి పుట్టకే కదా! ఎండుటాకుల్లో పడుకున్న రక్తపింజరి అయితే పక్కనే ఉన్నా కనిపించదు. బోర్లా పడుకుని ఫొటో తీసేముందు పొడుగు కర్రతో ఆకులు కదపండి. బూట్లు తప్పనిసరి. పాము కరిస్తే కోయడం, తాడు బిగించడం వద్దు. కాలు కదపకుండా ఉంచి 108కి ఫోన్ చేయాలి. లోపల సిగ్నల్ ఉండదు కాబట్టి ఒంటరిగా వెళ్లకండి.

పొదల్లో కూర్చుని లేస్తే కంటికి ఆనని చిన్న పురుగులు ఒంటికి పట్టి స్క్రబ్ టైఫస్ రావచ్చు. వారం పది రోజులకి జ్వరం వచ్చి, చంకలోనో నడుము దగ్గరో నల్లటి చెక్కు కనిపిస్తే, అడవికి వెళ్లొచ్చిన సంగతి డాక్టరుకి చెప్పండి. చెప్పకపోతే మామూలు జ్వరం అనుకునే ప్రమాదం ఉంది.

శేషాచలం ఎర్రచందనం అడవి. సంచి, కత్తి పట్టుకుని దారి వదిలి తిరిగితే ఫారెస్టువాళ్లు ఆపుతారు, ఆపాలి కూడా. అనుమతి లేకుండా లోపలికి పోవద్దు, నేషనల్ పార్కులో ఏదీ పెరకొద్దు. తలకోనలో సందర్శకుల దారి పక్కనే చూడ్డానికి బోలెడు ఉంటుంది. పైన వాన కురుస్తుంటే వాగు దాటకండి. తెల్లవారుజామున, పొద్దుగూకాక చిరుతల భయం. పలమనేరు, కుప్పం వైపైతే ఏనుగులు.

పుట్టగొడుగుని ముట్టుకుంటే విషం ఎక్కుతుందని మా పెద్దమ్మ ఇప్పటికీ నా చేతులు కడిగిస్తుంది. కడుక్కోవడం మంచిదే కానీ విషం ఎక్కేది తింటేనే. తొక్కగానే పొగలా లేచే గుండ్రటి రకాల మీద మాత్రం ముఖం పెట్టకండి, ఆస్తమా ఉన్నవాళ్లు మరీను.

ఇక వండుకోవడం. వెండి చెంచా నల్లబడకపోతే మంచిదని, పురుగు తింటే మనమూ తినొచ్చని అనేవి వట్టి మాటలు. గడ్డి మైదానాల్లో మొలిచే ఒక పెద్ద తెల్ల రకం చూడ్డానికి అచ్చం తినేదానిలాగే ఉంటుంది. టోపీ కోసి రాత్రంతా కాగితం మీద బోర్లిస్తే ఆకుపచ్చటి పొడి రాలుతుంది. ఆ రకం తింటే కొన్ని గంటల్లోనే వాంతులు పట్టుకుంటాయి. కాడ మొదట్లో చిప్పలాంటి సంచి ఉన్నవాటిలో కొన్ని ఇంకా మోసకారివి. ఉడికించినా వాటి విషం పోదు. ఆరు గంటలకో, ఇంకా ఆలస్యంగానో వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. మధ్యలో ఒక రోజు తగ్గినట్టే ఉండి, తర్వాత కాలేయం దెబ్బతింటుంది. ఎవరైనా తిన్నారని తెలిస్తే, తేరుకున్నట్టు కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లండి. మిగిలిన ముక్కని కాగితంలో చుట్టి వెంట పట్టుకెళ్లండి. ప్లాస్టిక్ కవర్లో వేస్తే దారిలోనే కుళ్లిపోతుంది.