నడుం దాటిన జుట్టుకి కుంకుడు రసంతో తలంటుకోవడం ఎలా?

జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఆ లెక్కన నడుం దాటిన జడ కొస మాడులోంచి బయటికొచ్చి ఐదారేళ్లయి ఉంటుంది. వారానికి ఒక్కసారే తలంటుకున్నా ఆ కొస ఈపాటికి రెండొందల యాభైకి పైగా తలంట్లు చూసింది. అలాంటి పాత కొసనీ, నిన్నగాక మొన్న మొలిచిన కుదురునీ ఒకేలా రుద్దితే ఎలా? జిడ్డు ఊరేది మాడు మీద. రుద్దాల్సింది మాడునే. కింద ఉన్న బారెడు జుట్టుకి పైనుంచి జారే నురుగు చాలు.

నాది కుంకుడుకాయల ఇల్లు కాబట్టి వాటితోనే చెబుతాను. షాంపూ వాడేవాళ్లకి సంగతి మధ్యలో వస్తుంది.

1. ముందు రోజు రాత్రి

నడుం దాకా జుట్టుకి పన్నెండు కుంకుళ్లు, ఒత్తయితే పదిహేను. రాయి మీద పెట్టి ఒక్క దెబ్బ వేస్తే తొక్క పగిలి నల్లటి గింజ దొర్లుతుంది. నురుగంతా తొక్కలోనే ఉంటుంది, గింజ తీసెయ్యండి. ఇంట్లో పిల్లలుంటే మీరు తియ్యక్కర్లేదు, వాళ్లే ఆటకి పట్టుకుపోతారు. తొక్కల్ని అర లీటరు వేడినీళ్లలో వేసి మూత పెట్టండి. రాత్రి మర్చిపోతే పొద్దున మరుగునీళ్లలో అరగంట నానబెట్టినా పనవుతుంది.

పడుకునే ముందు జుట్టుకి కొబ్బరినూనె రాయండి. ఇది వెంట్రుక లోపలికి ఇంకుతుంది, నీళ్లు తగిలినప్పుడు మరీ ఉబ్బిపోకుండా కాపాడుతుంది. మాడుకి కొంచెం చాలు, కొసలకి మాత్రం పిసినారితనం వద్దు.

2. చిక్కు తీశాకే నీళ్లు

తడిసిన వెంట్రుక నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, రబ్బరులా సాగుతుంది, పొడిగా ఉన్నప్పటికంటే తేలిగ్గా తెగుతుంది. కాబట్టి చిక్కంతా పొడి జుట్టు మీదే తీసెయ్యాలి. వెడల్పు పళ్ల దువ్వెన తీసుకుని కొస నుంచి మొదలుపెట్టి పైకి రండి. చిక్కు ఉన్నచోటికి బెత్తెడు పైన జుట్టుని గుప్పిట్లో గట్టిగా పట్టుకుంటే, దువ్వెన లాగిన లాగుడు కుదుళ్లదాకా వెళ్లదు.

దువ్వెన నిండా వచ్చిన ఉండ చూసి గుండె జారిపోకండి. రోజుకి యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం మామూలే. రెండు రోజులు జడ విప్పకపోతే అవన్నీ అందులోనే దాక్కుని ఇవాళ ఒక్కసారే బయటపడతాయి. పైగా పొడుగు వెంట్రుకలు కదా, పాతికే ఉన్నా గుప్పెడులా కనపడతాయి.

3. రసం తియ్యడం

నానిన తొక్కల్ని చేత్తో బాగా పిసికితే నీళ్లు తేనె రంగుకి తిరిగి పైన తెల్లటి నురుగు లేస్తుంది. గుప్పెడు మందారాకులు దొరికితే అందులోనే నలిపెయ్యండి. ఆ జిగురు ఉంటే వెంట్రుకలు ఒకదానిమీద ఒకటి జారతాయి, చిక్కు పడవు. తర్వాత పల్చటి నూలు గుడ్డలో వడకట్టాలి. టీ జల్లెడతో సరిపెట్టుకుంటే సన్నటి తొక్క పొట్టు జుట్టులో ఇరుక్కుని సాయంత్రం దాకా దువ్వెనకి తగులుతూనే ఉంటుంది.

4. తలంటు

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. ఒకసారి తొందరలో జుట్టంతా నడినెత్తి మీదికి పోగేసి, గుడ్డలుతికినట్టు రెండు చేతులతో గుండ్రంగా రుద్దేశాను. ఆరాక చూస్తే మెడ వెనక నిమ్మకాయంత ఉండ. గంటసేపు కూచున్నా ఊడలేదు. చివరికి కత్తెరే దిక్కయింది. అప్పట్నుంచీ జుట్టుని నెత్తికెత్తింది లేదు.

తల కాస్త వెనక్కి వంచండి, జుట్టు వీపు మీదే వేలాడనివ్వండి. ముందు గోరువెచ్చటి నీళ్లు రెండు నిమిషాలపాటు, కుదుళ్ల దాకా తడిసేలా పోసుకోండి. తర్వాత సగం రసాన్ని కొంచెం కొంచెంగా పాపిట్లో, చెవుల వెనక, మెడ పైన పొయ్యండి. గోళ్లతో గీకొద్దు. వేలికొసల్ని మాడుకి ఆనించి, వేళ్లు కదలకుండా చర్మమే కదిలేలా ఒత్తండి. పక్కకి జరిగి మళ్లీ ఒత్తండి.

మొదటిసారి నురుగు రాదు, నూనె తినేస్తుంది. కడిగేసి మిగతా సగం పోస్తే అప్పుడు చూడండి. ఆ నురుగు కిందికి జారుతుంటే జుట్టుని అరచేతుల మధ్య పట్టుకుని పైనుంచి కిందికి నిమరండి, అంతే.

కళ్లు మాత్రం గట్టిగా మూసుకోవాలి. చిన్నప్పుడు కళ్లు మండుతున్నాయని ఏడిస్తే నోట్లో ఉప్పుగల్లు వేసేవాళ్లు. ఏడుపు ఆగేది గానీ, మంటకి అసలు మందు ధారగా పోసే చన్నీళ్లే.

షాంపూ అయితే తిన్నగా నెత్తిన పొయ్యకండి. చిన్న చెంచాడు ఒక మగ్గు నీళ్లలో కలిపి ఇదే తీరున వాడండి. కండిషనర్ చెవుల కింద నుంచి కొసల వరకే, మాడుకి తగలనివ్వకండి. రెండు మూడు నిమిషాలు ఉంచి కడిగెయ్యండి.

చుండ్రు ఎక్కువగా ఉంటే కుంకుడుకాయ మీద మరీ ఆశ పెట్టుకోవద్దు. డాక్టరుకి చూపించి మందు షాంపూ వాడుకోవడం మేలు.

5. కడగడం

రసం రాసిన సమయానికి రెట్టింపు సమయం కడగాలి. జారుడు పోయి వేళ్లకి వెంట్రుక వెంట్రుకగా తగిలేదాకా పొయ్యండి. బోరునీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లలో ఎంత కడిగినా జుట్టు బిరుసెక్కడానికి కారణం ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు. అలాంటి చోట ఆఖరి రెండు మగ్గులూ తాగేనీళ్లు వాడండి. వాటిలో చెంచాడు నిమ్మరసం పిండితే ఇంకా నయం. ఒంటిసబ్బు మాత్రం జుట్టు దరిదాపులకి రానివ్వకండి, ఆ నీళ్లతో కలిసి తెల్లటి తెట్టులా పట్టేస్తుంది.

6. ఆరబెట్టడం

జుట్టుని ముందుకి వేసుకుని తువ్వాలుతో టపాటపా కొట్టడం మన పెరళ్లలో పాత అలవాటే. నీటి తుంపర్లతో పాటు తెగిన వెంట్రుకలూ ఎగురుతాయి. మెలితిప్పి పిండటమూ అంతే. పాత నూలు చీర ముక్క తీసుకుని జుట్టుని అందులో పొదివి పట్టుకుని, పైనుంచి కిందికి ఒత్తుకుంటూ రండి. గరుకు టర్కీ తువ్వాలుకంటే అదే హాయి.

తర్వాత నీడన, గాలికి వదిలెయ్యండి. పనికి అడ్డొస్తే చెవుల పక్క నుంచి చెరో సన్న పాయ తీసి వెనక వదులుగా ముడేసుకోండి. సాంబ్రాణి వేసుకునేవాళ్లు పొగ తగిలేంత దూరంలోనే ఉండాలి గానీ నిప్పుల సెగ తగలకూడదు. మెడ వెనక కుదుళ్లు చివరన ఆరతాయి. అక్కడ చెయ్యి పెట్టి చూసి, తడి లేదనుకున్నాకే జడ వేసుకోండి. తడి జడ సాయంత్రానికి ముక్కవాసన కొడుతుంది.

రసం మిగిలితే ఫ్రిజ్‌లో ఒకట్రెండు రోజులు ఉంటుంది, పులిసిన వాసనొస్తే పారబోయండి. పిసికిన తొక్కల్లో ఇంకా కాస్త నురుగుంటుంది. వెండిపట్టీలు అందులో వేసి పాత బ్రష్షుతో రుద్దితే ఆ మురికీ వదిలిపోతుంది.